ఫొటోలో కనపడని ఆవు

(ఒక గ్రంథాలయ సభలో విశ్రాంత పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

నన్ను పరిచయం చేసిన మిత్రులు, "ప్రపంచానికి దూరంగా బతికే ఆఫ్రికా తెగ గురించి డాక్టరు గారు చెబుతారు" అన్నారు. డాక్టరు అనే మాట వినగానే ముందు వరుసలో ఒక పెద్దాయన మోకాలు తడుముకోవడం చూశాను. నేను పశువుల డాక్టర్నండి. (నవ్వులు) ముప్పై నాలుగేళ్లు ఆవులకూ గేదెలకూ సూదులు వేసి రిటైరయ్యాను. కాబట్టి ఈ ప్రసంగంలో మనుషుల కంటే పశువులు కాస్త ఎక్కువగా కనిపిస్తే మన్నించాలి.

ఆ తెగ పేరు హింబా. ఆ పేరు మీలో చాలామంది వినకపోయినా ఫొటో చూసే ఉంటారు. ఒంటికీ జుట్టుకూ ఎర్రమట్టి పూసుకున్న ఆడవాళ్లు, మెడలో పెద్ద శంఖం లాంటి గవ్వ, వెనకాల ఎండిన కొండలు. కేలెండర్ల మీద, విమానాల్లో ఇచ్చే పత్రికల మీద ఆ బొమ్మే. ఆ ఫొటోల్లో నాకెప్పుడూ ఒక లోటు కనిపించేది. ఆవు ఉండదు. ఆవు లేకుండా హింబాను చూపించడం అంటే మగ్గం లేకుండా నేతగాణ్ణి చూపించడమే.

మా అబ్బాయి ఉద్యోగరీత్యా నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో ఉన్న రోజుల్లో, నేనూ మా ఆవిడా వెళ్లి కొన్నాళ్లు ఉన్నాం. నమీబియా ఎంత దేశమంటే, మన రెండు తెలుగు రాష్ట్రాలను కలిపి, అలాంటివి మూడు పక్కపక్కన పెడితే అంత. జనాభా మాత్రం ముప్పై లక్షలు. దేశానికి వాయవ్య మూలన, అంగోలా సరిహద్దుగా పారే కునేనే నది వరకూ ఉన్న రాళ్ల నేల హింబాలది. కావోకోలాండ్ అనేవారు, ఇప్పుడు కునేనే ప్రాంతం అంటున్నారు. మొత్తం హింబాలు ఏభై వేల చిల్లర ఉంటారని సాధారణంగా చెప్పే లెక్క. నదికి అవతల అంగోలాలోనూ వాళ్లున్నారు.

అక్కడి పెద్ద ఊరు ఒపువో. మేం చేరేసరికి మధ్యాహ్నమైంది. మంచినీళ్ల సీసాల కోసం సూపర్‌మార్కెట్‌లోకి వెళ్లాను. డబ్బు కట్టే వరుసలో నా ముందు ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఒకామె హింబా. నడుముకు మేకతోలు, తల మీద పెళ్లయినవాళ్లు పెట్టుకునే ఎరెంబె అనే తోలు కిరీటం, ఒళ్లంతా ఎరుపు. చేతి బుట్టలో మొక్కజొన్న పిండి సంచి, వంటనూనె డబ్బా. రెండో ఆమె ఆ మండుటెండలో పాదాల దాకా జీరాడే నిండు గౌను తొడుక్కుని, తల మీద రెండు పక్కలా కొమ్ముల్లా పొడుచుకొచ్చిన బట్ట టోపీ పెట్టుకుంది. ఇద్దరూ నవ్వుకుంటూ కబుర్లు చెప్పుకుంటున్నారు, ఒకే భాషలో. రెండో ఆమె హెరెరో. హెరెరోలూ హింబాలూ ఒకే మూలం నుంచి వచ్చినవాళ్లు, మాట్లాడేది ఒకే హెరెరో భాష. దక్షిణాన ఉన్న అక్కచెల్లెళ్లు జర్మన్ మిషనరీల భార్యల గౌను అందుకున్నారు, ఉత్తరాన ఉన్నవాళ్లు తోలు, వెన్న, ఎర్రమట్టి దగ్గరే ఆగారు. కానీ గౌను తొడిగిన ఆమె కూడా టోపీకి ఆవు కొమ్ములు పెట్టించుకుంది చూడండి. అక్కడే నాకు వీళ్లు నచ్చారు.

ఇక "ప్రపంచానికి దూరంగా" అనే మాట. దాని మీద నాకు పేచీ ఉంది. వీళ్లు దూరంగా ఉండలేదు, ఉంచారు. ఉంచింది కొండలో ఎడారో మాత్రమే అయితే సరే అనుకోవచ్చు. చాలా వరకు ఉంచింది మా శాఖే, పశువైద్య శాఖ.

పందొమ్మిదో శతాబ్దం మధ్యలో దక్షిణం నుంచి నామా అనే తెగ దండులు తుపాకులతో వచ్చి వీళ్ల మందలను తోలుకుపోయేవి. పశువులు పోయినవాళ్లు చాలామంది కునేనే దాటి అంగోలా పోయి, అక్కడివాళ్ల దగ్గర చెయ్యి చాపారు. హింబా అంటే అడుక్కునేవాళ్లు అని అప్పుడే పేరు పడిందని చెబుతారు. ఆవు పోతే మనిషికి మిగిలేది ఆ పేరే అన్నమాట.

తర్వాత రిండర్‌పెస్ట్ వచ్చింది. పశువుల మహమ్మారి. ఈ సభలో పెద్ద రైతులుంటే మీ తాతల నోట విని ఉంటారు, కొట్టాలకు కొట్టాలే ఖాళీ అయిపోయేవి. 1887 ప్రాంతంలో ఇటలీ సైన్యం కోసం ఎరిత్రియాకు దిగుమతి చేసిన పశువులతో అది ఆఫ్రికాలో అడుగుపెట్టింది. ఆ పశువులు మన భారతదేశం నుంచే వెళ్లాయని చాలామంది చరిత్రకారుల మాట. పదేళ్లలో ఖండాన్ని నిలువునా దాటి 1897కు నమీబియాలో దిగింది. అప్పటికి అది జర్మనీ వలస. దక్షిణాన తెల్లవాళ్ల పశువులను కాపాడుకోవడానికి జర్మన్లు అడ్డంగా ఒక కాపలా గీత పెట్టారు. పాత మ్యాపులో ఎర్ర సిరాతో గీసినందుకు దానికి "రెడ్ లైన్" అనే పేరు వచ్చింది. ఇవాళ అది వందల కిలోమీటర్ల కంచె. గీతకు దక్షిణాన పెరిగిన పశువు మాంసం ఐరోపాకు ఎగుమతి అవుతుంది. ఉత్తరాన పుట్టిన ఆవు క్వారంటైన్ లేకుండా గీత దాటకూడదు.

1915లో జర్మన్లు పోయి దక్షిణాఫ్రికా పాలన వచ్చింది. వాళ్లు ఇంకా బిగించారు. నది దాటి అంగోలాతో బేరం వద్దు, తూర్పున ఒవాంబో తెగవాళ్లతో వద్దు, దక్షిణానికి అసలే వద్దు. 1920ల చివర్లో, కంచెకూ వీళ్లకూ మధ్య పశువు లేని పట్టీ ఉండాలని, దక్షిణ కావోకోలో ఉన్న కుటుంబాలను మందలతో సహా ఉత్తరానికి తరిమారు. కారణం అడిగితే, పశువుల ఊపిరితిత్తుల అంటువ్యాధి. ఆ జబ్బు నిజమే, నేను కాదనను. కానీ వేల పశువులున్నవాడు ఒక్క పశువునూ బజారులో అమ్ముకోలేకపోతే ఏమవుతాడు? డబ్బు చేతికి రాదు, బట్ట కొనడు, బడికి పంపడు. నలభై, ఏభై ఏళ్లు అలా తలుపు వేసి, తర్వాత తలుపు తీసి చూసి, "అబ్బ, ఎంత ప్రాచీనంగా మిగిలిపోయారో" అని ఫొటోలు తీశారు.

ఆ మూల ఉండటం వల్ల ఒక ప్రమాదం తప్పిందనీ చెప్పాలి. 1904లో దక్షిణాన హెరెరోలు జర్మన్ల మీద తిరగబడ్డారు. ఆ అక్టోబర్ 2న జర్మన్ సేనాని ఫాన్ ట్రోథా హెరెరో జాతినే తుడిచిపెట్టమని ఉత్తరువు ఇచ్చాడు. ఎడారిలోకి తరిమి, నీళ్ల గుంటల దగ్గర కాపలా పెట్టి చంపారు. హెరెరోల్లో అత్యధికులు పోయారు. అది జాతి సంహారమే అని జర్మనీ ఒప్పుకున్నది 2021లో.

సరే, ఇక ఇంట్లోకి వెళ్దాం.

హింబా ఊరంటే ఒక పెద్ద కుటుంబం. మొపానె అనే చెట్టు కొమ్మలు పాతి, మట్టీ పేడా కలిపి మెత్తిన గుండ్రటి గుడిసెలు చుట్టూ, మధ్యలో పశువుల దొడ్డి. గుడిసెలు కట్టేది, మెత్తేది ఆడవాళ్లే. పేడతో అలికిన వాసన రాగానే మా ఆవిడ, "మా అమ్మమ్మ ఇల్లు" అంది. మాకు దారి చూపిస్తున్న కుర్రవాడు ఒపువోలో చదువుకున్న హింబానే. నేను అలవాటు కొద్దీ దొడ్డిలోని ఆవుల కేసి తిన్నగా నడవబోయాను. వాడు చటుక్కున నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. చూస్తే నా కాలికి మూడడుగుల దూరంలో నాలుగైదు రాళ్లు, వాటి మధ్య సగం కాలిన మొద్దు ఒకటి, దాన్నుంచి సన్నని పొగ. అంతే. దాన్ని ఒకురువో అంటారు. పవిత్ర అగ్ని. ఇంటి పెద్ద గుడిసె గుమ్మానికీ దొడ్డి వాకిలికీ మధ్య సరిగ్గా ఆ వరసలో ఉంటుంది. బయటివాడు ఆ వరసను అడ్డంగా దాటకూడదు. నేను గుడిసెల వెనక నుంచి చుట్టు తిరిగి వెళ్లాను.

ఆ నిప్పు దగ్గర కూర్చుని ఇంటి పెద్ద చనిపోయిన తండ్రితో, తాతతో మాట్లాడతాడు. సృష్టికర్త ముకురు మరీ దూరంలో ఉంటాడు, ఆయన దాకా మాట చేరవేసేది పితరులు. పేరు పెట్టినా, పెళ్లయినా, జబ్బు చేసినా నిప్పు ముందు చెప్పాల్సిందే. ఉదయం పితికిన పాలను ఇంటి పెద్ద రుచి చూశాకే మిగతావాళ్లు తాగుతారు. కొన్ని ఆవులు పితరులవి, వాటి పాలకు ఈ నియమం మరీ గట్టిది. ఇంటి పెద్ద పోతే ఆ నిప్పు ఆర్పుతారు.

పాలు పితికేది ఎక్కువగా ఆడవాళ్లు. ఆవులు సంగా జాతివి. మన ఒంగోలు పశువు ముందు చిన్నవే, మూపురం కూడా చిన్నదే, కానీ కొమ్ములు చూడాలి. గడ్డి లేనప్పుడు మొపానె ఆకు తిని బతుకుతాయి. పూటకు లీటరో, లీటరున్నరో ఇచ్చే ఆవును మన డెయిరీవాళ్లు గుమ్మంలోకి రానివ్వరు. ఆ నేల మీద మన జెర్సీ ఆవు వారం బతకదు, అది వేరే సంగతి.

ఆ పాలు పెద్ద సొరకాయ బుర్రలో పోస్తారు. బుర్ర పేరు ఒంజుపా. దాన్ని తోలుపట్టీతో వేలాడదీసి, పక్కన కూర్చుని ముందుకూ వెనక్కూ ఊపుతూ ఉంటారు. కవ్వం లేదు, తాడు లేదు. నేను చూసిన పెద్దావిడ ఒక చేత్తో బుర్ర ఊపుతూ, రెండో చేత్తో మనవణ్ణి అదిలిస్తూ, మధ్యలో చెవి బుర్ర కేసి వంచి వింటోంది. చప్పుడు మారితే వెన్న పడినట్టు. మా అమ్మ చల్ల చిలుకుతూ ఇలాగే చెవి వంచేది. పులిసిన పాలు ఒమాయెరె, అదీ మొక్కజొన్న సంకటీ వాళ్ల తిండి. మాంసం కోసం కోస్తే మేకను కోస్తారు. ఆవు మీద కత్తి పెట్టాలంటే చావో, పెద్ద వేడుకో రావాలి.

ఇప్పుడు ఆ వెన్న ఎక్కడికి పోయిందో చూడండి. ఎర్ర రాయి ముక్కను, మన భాషలో చెప్పాలంటే జాజు లాంటిదాన్ని, పలక రాయి మీద నూరి, ఆ పొడిని వెన్నలో అరచేతుల మధ్య రుద్ది కలుపుతారు. ఒచీజె అంటారు. సువాసనకు చెట్టు బంక కలుపుతారు. అక్కడి కొమిఫోరా చెట్లు మన గుగ్గులు చెట్టుకు దగ్గరి చుట్టాలు. వాటిలో ఒక రకం బంకను ఆడవాళ్లు ఏరి అమ్మితే విదేశీ అత్తరు కంపెనీలు కొంటున్నాయి. నీటి చుక్క దొరకని చోట స్నానం సంగతేమిటంటారా? చిన్న గిన్నెలో నిప్పులు పోసి, మూలికలు వేసి, దుప్పటి కప్పుకుని పొగలో చెమట పట్టే దాకా కూర్చుంటారు. బాలింతకు సాంబ్రాణి పొగ వేసిన ఇళ్లలో పుట్టినవాళ్లం, మనకు ఇది విడ్డూరం కాకూడదు. అంటే ఫొటోలో మీరు చూసిన ఎరుపులో సగం ఆవే. ఫొటో తీసినవాడికి తెలియకపోయినా ఆవు ఫొటోలో పడింది.

జుట్టు గురించి రెండు మాటలు. చిన్నపిల్లలకు ముఖం మీదికి వాలే రెండు జడలు, పెద్దమనిషయ్యాక మట్టి పూసిన బోలెడు జడలు, పెళ్లయ్యాక ఎరెంబె. తల చూసి ఎవరిదే ఈడో చెప్పొచ్చు. కింది పళ్లు నాలుగు చిన్నప్పుడే ఊడగొడతారు. ఆవులా కనపడటానికని ఒక పర్యాటకుడు నాతో గట్టిగా వాదించాడు. అయ్యా, ఆవుకు లేనివి పై పళ్లు, కింది పళ్లు కాదు అని చెప్పాను. ఒప్పుకోలేదు. (నవ్వులు)

ఆస్తి సంగతికి వస్తే నాకు వాళ్ల తెలివి కళ్లు తిప్పింది. ప్రతి హింబాకూ రెండు వంశాలు. తండ్రి వైపుది ఒరూజో. మన గోత్రం లాంటిది. నిప్పు, పితరుల ఆవులు, ఇంటి పెద్దరికం, ఏ రంగు పశువును ఉంచుకోకూడదు, ఏ మాంసం తినకూడదు అనే నిషేధాలు అటు నుంచి వస్తాయి. పెళ్లయిన ఆడపిల్ల భర్త ఒరూజోలోకి మారుతుంది, మన గోత్రం మారినట్టే. తల్లి వైపుది ఎయాండా. అది చచ్చేదాకా మారదు. మామూలు ఆవులు, అంటే మందలో అసలు సంపద, ఈ దారిన పోతుంది. మనిషి పోతే మంద కొడుక్కి రాదు. తమ్ముడికో, మేనల్లుడికో పోతుంది. కొడుకు తన మేనమామ మంద కోసం చూసుకోవాలి. అందుకే మేనరికాలంటే వాళ్లకు మక్కువ. మేనమామ కూతుర్నీ మేనత్త కూతుర్నీ చేసుకోవడం గురించి నేను ఆ కుర్రవాడితో చెబితే, మీరూ పశువుల వాళ్లేనా అన్నాడు.

మరీ చిన్నపిల్లలుగా ఉన్నప్పుడే ఆడపిల్లలకు పెళ్లి ఖాయం చేసేస్తారు. అది నాకు నచ్చలేదు, నచ్చిందని చెప్పను. ఆ తర్వాత ఇంకో విషయం. 2020లో మానవశాస్త్రజ్ఞురాలు బ్రూక్ షెల్జా బృందం చేసిన జన్యు పరీక్షల్లో, పరీక్షించిన పిల్లల్లో నూటికి 48 మందికి కన్నతండ్రి తల్లి భర్త కాదని తేలింది. ఊళ్లో ఎవరికీ అది రహస్యం కాదు, తల్లులూ తండ్రులూ కూడా చాలా వరకు సరిగ్గానే చెప్పగలిగారు. భర్త ఆ పిల్లలకు తండ్రే. పేపర్లు దీన్ని చాటింపు వేసినట్టు రాశాయి. నేను మటుకు మందల లెక్క వేసుకున్నాను. పెద్ద ఆస్తి పోయేది అక్కచెల్లెళ్ల పిల్లలకు. అక్క కన్న పిల్లలు అక్క పిల్లలే, అందులో సందేహానికి తావు లేదు.

రంగుల గురించి ఒక గాలివార్త ఉంది. హింబాలకు నీలం రంగు కనపడదు అని మీ ఫోన్లకు వచ్చే ఉంటుంది. వాళ్ల భాషలో ముఖ్యమైన రంగుల పేర్లు ఐదు. ఆకుపచ్చకూ నీలానికీ కలిపి "బురు" అనే ఒకే మాట. 2000ల మొదట్లో డెబి రాబర్సన్, తోటి మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీని మీద పద్ధతిగా పరీక్షలు చేశారు. మాట లేని చోట తేడా పట్టడం కాస్త నెమ్మదిస్తుందా అనేది వాళ్ల ప్రశ్న. తర్వాత ఒక బ్రిటిష్ టీవీ కార్యక్రమం పచ్చ గళ్ల మధ్య నీలం గడిని పెట్టి హింబాలు గుర్తించలేకపోయినట్టు చూపించింది. అసలు ప్రయోగం అది కానే కాదు. నేననేది ఏమిటంటే, మనకు "పచ్చ" ఉంది కదా. ఆకూ పచ్చే, పసుపూ పచ్చే. పచ్చకామెర్లు వచ్చినవాడి కళ్లను ఆకుల్లా ఉన్నాయని ఎవరైనా పొరబడ్డామా? అదే హింబాను ఆవు రంగు అడగండి. నడుం మీద మచ్చ, పొట్ట కింద తెలుపు, చెవి మీద చుక్కలు, ఒక్కో కలయికకు ఒక్కో పేరు. మన రైతు నోట ఒకప్పుడు కర్రావు, పుల్లావు, మైలావు, బొల్లావు అని వినేవాళ్లం. ఇప్పుడు చెవికి తగిలించిన పసుప్పచ్చ బిళ్ల మీద నంబరు చదువుతున్నాం.

చివరగా సమాధులు. పెద్దమనిషి పోతే ఎద్దులను బలిచ్చి, వాటి కొమ్ములను సమాధి దగ్గర పేరుస్తారు. ఎన్ని కొమ్ములుంటే అంతటివాడు. ఆ సమాధులే వాళ్లకు పట్టాదారు పాసుపుస్తకం. ఈ మేత నేల ఎవరిదని తగువు వస్తే, నీ తాత సమాధి ఎక్కడుందో చూపించు అంటారు. 1990లలో, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, నమీబియా, అంగోలా ప్రభుత్వాలు కునేనే మీద ఎపుపా జలపాతం దగ్గర జలవిద్యుత్తు ఆనకట్ట తలపెట్టాయి. నది ఒడ్డు సమాధులు పదుల కొద్దీ ముంపులో పోతాయి. కరువులో మందకు దిక్కయ్యే ఒడ్డు మేత కూడా పోతుంది. హికుమినుయె కపికా అనే హింబా నాయకుడు ఐరోపా దాకా వెళ్లి వద్దని చెప్పి వచ్చాడు. మన శ్రీశైలం ముంపులో కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయికి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టుకున్నాం. గుడి కదిలింది. హింబా సమాధిని కదిపితే మాత్రం అది సాక్ష్యం కాకుండా పోతుంది, ఎందుకంటే అక్కడ సాక్ష్యం చెప్పేది రాయి కాదు, చోటు. ఎపుపా ఆగింది. దిగువన బేన్స్ కొండల దగ్గర ఆనకట్ట ప్రతిపాదన మాత్రం ఇంకా నడుస్తోంది. వాళ్లలో అందరి మాటా ఒకటి కాదు. రోడ్డు, ఆస్పత్రి కావాలనేవాళ్లూ ఉన్నారు, అదీ న్యాయమే.

నాకిచ్చిన సమయం అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: కరువు వస్తే ఏం చేస్తారండీ?)

చస్తాయండి పశువులు. 1980ల మొదట్లో వచ్చిన కరువులో మందల్లో నూటికి ఎనభై, తొంభై పోయాయని అంటారు. మళ్లీ హింబా అనే పేరుకు అర్థం నిజమైంది. అప్పుడే అక్కడ నమీబియా స్వాతంత్ర్య యుద్ధం కూడా నడుస్తోంది, చాలామంది మగవాళ్లు దక్షిణాఫ్రికా సైన్యంలో జీతానికి చేరి, ఆ జీతంతో మళ్లీ ఆవులు కొన్నారు. బ్యాంకులో వేసుకోవచ్చుగా అంటే, బ్యాంకు ఈనుతుందా అంటారు. గత పదేళ్లలో కూడా వరుస కరువులు. 2024లో దేశమంతా కరువు అత్యవసర పరిస్థితి ప్రకటించారు. కుర్రవాళ్లు ఒపువోకు వచ్చేస్తున్నారు.

(ఒక మహిళ: మీ ఆవిడ గారు ఆ ఎర్రమట్టి పూసుకున్నారా?)

అడుగుతారని తెలుసు. (నవ్వులు) తను పూసుకోలేదు. మేం వచ్చేసేటప్పుడు ఆ బుర్ర ఊపే పెద్దావిడ మా ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కాసేపు వదల్లేదు. ఆ చేతులతోనే మా ఆవిడ కారు తలుపు తీసింది, నా భుజం మీద చెయ్యి వేసింది. తెల్ల చొక్కా. విండ్‌హోక్‌లో రెండుసార్లు, ఇక్కడికొచ్చాక చాకలికిచ్చి మూడోసారి ఉతికించాం. ఐదు వేళ్లూ అలాగే ఉన్నాయి. దాన్ని గుడ్డపీలికలు చేస్తానంటే మా ఆవిడ బీరువాలో పెట్టి తాళం వేసింది.